పుట్టిన ఏటి వాద్యము

మనవారికి పుట్టిన నక్షత్రము మీద ఉన్నంత పట్టింపు పుట్టిన సంవత్సరము మీద లేదు. ప్రభవాదిగా అరవై సంవత్సరాలు ఒక చుట్టు తిరిగి వచ్చినప్పుడు షష్టిపూర్తి చేసుకొని, ఆ సంవత్సరపు పేరును ఒకసారి తలచుకొని, మరల మరచిపోతాము. పాశ్చాత్య దేశాల వాద్యకారులలో మాత్రము ఒక ముచ్చట ఉన్నది. తాము ఏ సంవత్సరములో జన్మించినారో ఆ సంవత్సరములోనే తయారైన వాద్యాన్ని వెదకి సంపాదించి, దానిని తోడబుట్టిన దానివలె చూచుకుంటారు. ఆ ముచ్చట సముద్రాలు దాటి పలాస వరకు వచ్చి మా మేనల్లుని పట్టుకుంటుందని మేము ఎన్నడూ అనుకొనలేదు.

అతడు 1976లో, నల నామ సంవత్సరములో పుట్టినవాడు. పలాస-కాశీబుగ్గలో ఒక జీడిపప్పు కార్ఖానాలో లెక్కలు వ్రాస్తాడు. వయసులో ఉన్నప్పుడు పెండ్లిళ్ళకు, దసరా పందిళ్ళకు పోయే ఆర్కెస్ట్రాలో బాస్ గిటారు వాయించేవాడు. ఇరవై ఏండ్లు వాయించినా ఆ గిటారు అతనిది కాదు, ఆర్కెస్ట్రా యజమానిది. కచేరీ ముగియగానే గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి, అప్పగించి రావలసినదే.

ఉద్దానములో, వజ్రపుకొత్తూరు దాపున, వారికి ఒక చిన్న తోట ఉన్నది. అతడు పుట్టిన ఏట మా బావగారు ఆ తోటలో ఒక పనస మొక్క నాటినారు. పిల్లవాడూ చెట్టూ కలిసి పెరిగినారు. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దాపుననే తీరము దాటినది. ఉద్దానము ఎరిగినవారికి ఆ ఉదయము సంగతి చెప్పనక్కరలేదు. కొబ్బరి, జీడిమామిడి, పనస, తాతల నాటి చెట్లన్నీ ఒక్క పూటలో నేల వ్రాలినవి. అతని ఈడు చెట్టు నడిమికి చీలి పడిపోయినది. దారి అడ్డము తొలగించేవారే దానిని ముక్కలు కోసి తీసుకొనిపోయినారు. వీణకు పనికివచ్చే మ్రాను ఏమైనా మిగిలినదా అని మాకు తోచేసరికి అది వంటచెరకై పోయినది.

ఆ తరువాత కొన్నేండ్లకు, యాభయ్యవ ఏడు దగ్గరపడుతుండగా, అతడు టెక్కలిలో మా ఇంటికి వచ్చినాడు. “మామయ్యా! నా ఈడుది ఏదైనా ఒకటి ఇంట్లో ఉండాలని ఉన్నది. చెట్టును మళ్ళీ తేలేను కదా! 1976లో చేసిన బాస్ గిటారు కొందామనుకుంటున్నాను. మీరు వీణ ఎరిగినవారు. కొనేముందు ఒక్కసారి చూసి చెప్పండి” అన్నాడు. కలకత్తాలో ఒక వర్తకుని వద్ద అటువంటిది ఉన్నదట. వెల రెండున్నర లక్షలు. అతడు చీటీలు కట్టి కూడబెట్టినదంతా కలిపితే సరిగా అంతే.

మేము గిటారు వాయించము. అయినను వాద్యము వాద్యమే, మ్రాను మ్రానే, తంత్రి తంత్రియే అని ధైర్యము చేసి ఒప్పుకున్నాము. ఒప్పుకున్న తరువాత తెలుసుకొనవలసినది చాలా ఉన్నదని అర్థమైనది.

బాస్ గిటారు అంటే ఏమో ముందు చెప్పవలెను. చూచుటకు మామూలు గిటారు వలెనే ఉంటుంది, మెడ పొడవు. తంత్రులు నాలుగు, లావుపాటివి. అన్నిటికంటె మంద్రమైన తంత్రి సెకండుకు సుమారు 41 సారులు కంపిస్తుంది. అంత మంద్రమైన ధ్వనిని చిన్న రేడియో పెట్టె యథాతథముగా వినిపించలేదు; పైస్వరాలను విని, అడుగు స్వరాన్ని మన చెవియే పూరించుకుంటుంది. అందువలన ఇళయరాజా సంగీతము కూర్చిన చిత్రగీతాలు రేడియోలో ఎన్ని సారులు విన్నా, పాట కింద పునాదివలె నడిచే ఆ వాద్యము పేరు మనలో చాలామందికి తెలియదు. అది ఆగితే మాత్రము పాట బోలుపోయినట్లు వెంటనే తెలుస్తుంది.

అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన 1951లో ప్రెసిషన్ బాస్ అనే వాద్యాన్ని విపణిలోకి తెచ్చినాడు. అంతకుముందు ఒకటి రెండు ప్రయత్నాలు జరిగినా, బాస్ గిటారు లోకములో నిలదొక్కుకున్నది దానితోనే. అంతవరకు మంద్రస్వరాలకు ఆధారము మనిషి ఎత్తున నిలబడే డబుల్ బాస్. దానికి మెట్లు లేవు. స్వరస్థానాన్ని చెవితో పట్టుకొనవలెను. కొత్త వాద్యానికి మెట్లు ఉన్నవి కాబట్టి స్వరము కచ్చితముగా పలుకుతుంది. ఆ కచ్చితత్వమే దాని పేరయినది. 1960లో అదే కార్ఖానానుండి జాజ్ బాస్ వచ్చినది. 1965లో ఆ సంస్థ సి.బి.ఎస్. అనే పెద్ద కంపెనీ చేతిలోకి పోయినది. అంతకుముందు చేసినవాటికి ఈనాడు వెల మిక్కిలి హెచ్చు. కాబట్టి 1951కి ముందు పుట్టినవారికి ఈ ముచ్చట తీరడము దాదాపు అసాధ్యము. 1965కు లోపల పుట్టినవారికి తీరినా, సంసారి భరించగల వెల కాదు. 1970 తరువాత పుట్టినవారికి కొంత వెసులుబాటు ఉన్నది.

ఇక అసలు ప్రశ్న. ఒక వాద్యము ఫలానా సంవత్సరములో తయారైనదని ఎట్లు తెలుస్తుంది? న్యాయస్థానములో వలె ఇక్కడ సాక్షులను ఒక్కొక్కరినే విచారించవలెను. ఏ ఒక్క సాక్షి మాటతోను తీర్పు చెప్పరాదు.

మొదటి సాక్షి వరుస సంఖ్య. ఫెండర్ గిటారులకు 1976 వరకు ఈ సంఖ్యను మెడ అతికించే చోట వెనుకనున్న లోహపు పలక మీద కొట్టేవారు. పలక మరలు విప్పితే ఊడివస్తుంది. ఒకదాని పలక మరొకదానికి బిగించడము నిమిషాల పని. 1976లో ఆ సంఖ్యను తల మీది ముద్రలోనికి మార్చినారు. ఆ సంవత్సరపు వాటిలో 76 అనే అంకెలతోగాని, ఎస్ అనే అక్షరము, 6 అనే అంకెతోగాని మొదలయ్యేవి ఉన్నవి. ఇది కొంత నమ్మదగినది. అయినను ముద్ర అచ్చయిన నాటికి, మెడ తయారైన నాటికి, వాద్యము కూర్చిన నాటికి మధ్య ఏడాది అటునిటుగా ఉండవచ్చును.

రెండవ సాక్షి వాద్యము లోపల ఉన్నది. మన రేడియోలో శబ్దాన్ని హెచ్చించి తగ్గించే వాల్యూమ్ కంట్రోలు వంటిదే బాస్ గిటారులోను ఉంటుంది. దాని లోహపు డొప్ప మీద ఏడు అంకెలు కొట్టి ఉంటాయి. మొదటి మూడు తయారుచేసిన కంపెనీ గుర్తు. తరువాతి రెండు సంవత్సరము. చివరి రెండు ఆ సంవత్సరములో ఎన్నవ వారమో చెప్పుతాయి. 137, 76, 23 అని ఉంటే సి.టి.ఎస్. అనే కంపెనీ 1976లో ఇరువది మూడవ వారములో చేసిన కంట్రోలు అన్నమాట. అయితే ఆ సాక్షి చెప్పేది తన పుట్టుకను గురించి మాత్రమే. 1966లో ఫెండర్ వారు ఇటువంటి కంట్రోళ్ళను కుప్పలుగా కొని, మరి మూడేండ్ల వరకు అవే వాడినారని ఎరిగినవారు చెప్పుతారు. కాబట్టి వాద్యము ఆ తేదీకి ముందుది కాజాలదు అని మాత్రమే దానివలన తేలుతుంది. ఎంత తరువాతదో తేలదు.

మూడవ సాక్షి టంకము. లోపలి తీగలను అతికించిన టంకము మసకబారి, దుమ్ము పట్టి, ఒకే చేతితో పెట్టినట్లు ఉన్నదా? లేక ఒకచోట క్రొత్తగా మెరుస్తున్నదా? మెరుస్తున్నచోట ఎవరో విప్పి మార్చినారు. మార్చడము తప్పు కాదు, చెప్పకపోవడము తప్పు.

ఇక్కడ మాకు మా వీణ జ్ఞాపకమునకు వచ్చినది. అది బొబ్బిలి వీణ, గొల్లపల్లిలో చేయించినది. కుండ, దండి, యాళిముఖము మూడును ఒకే పనస దుంగలో తొలిచిన ఏకాండి వీణ. మేము పుట్టిన ఏడే చేయించినారని మా అమ్మగారు చెప్పేవారు. దాని మీద సంఖ్య లేదు, తేదీ లేదు. అప్పటినుండి ఇప్పటికి మేళము ఎన్ని మారులు కట్టించినామో లెక్కలేదు. మైనము కరగించి, ఇరువది నాలుగు మెట్లను మరల శ్రుతికి కూర్చిన ప్రతిసారి వీణ సగము క్రొత్తదైనట్లే. పైబుర్ర మారినది, బిరడాలు మారినవి, తంత్రులు ఎన్ని మారినవో! అయినను అది అదే వీణ. ఎందుకనగా దుంగ మారలేదు. నాదము పుట్టేది ఆ దుంగలో. ఏ అంగము మారితే వాద్యము మారిపోతుంది, ఏ అంగము మారితే మరమ్మతు మాత్రమే అవుతుంది అన్న వివేకము కొనేవానికి ఉండవలెను. బాస్ గిటారులో అటువంటి మూలాంగాలు రెండు: ఒకటి మ్రాను శరీరము, రెండవది మెడ.

ఈ మాటలన్నీ చెప్పుకుంటూ మేమిద్దరము పలాసలో రాత్రి బండి ఎక్కి హౌరా చేరినాము. వర్తకుడు మర్యాదగానే చూపించినాడు. తల మీద సంఖ్య 76తోనే మొదలైనది. మా మేనల్లుని ముఖము వెలిగిపోయినది. ఒడిలో పెట్టుకొని వాయించినాడు, బాగుగానే పలికినది. అక్కడికక్కడే సొమ్ము తీయబోయినాడు. మేము చేయి పట్టుకొని, లోపల చూపించమని వర్తకుని కోరినాము. అతడు కొంత గునిసినాడు. చివరకు తంత్రులు సడలించి, పైరేకు మరలు విప్పినాడు. కంట్రోళ్ళు రెండు ఉన్నవి. రెండింటి మీదను 79 అని ఉన్నది. టంకము మసకబారి ఉన్నది. ఎవరి చేయి తగిలిన జాడ లేదు.

అర్థము స్పష్టమే. మెడ 1976 నాటిది కావచ్చును. కాని శరీరము, దాని తీగలు 1979కి ముందువి కావు. రెండు వాద్యాలను విప్పి ఒకటిగా కూర్చినారు. ఆ కూర్చినవాడు ఈ వర్తకుడే అని మేము అనము. అతనికి ముందు అది ఎన్ని చేతులు మారినదో! కాని అతడు అడిగిన వెల అచ్చమైన దానికి అడిగే వెల. ఈ సంగతి చెప్పగా కొంత తగ్గిస్తానన్నాడు. మా మేనల్లుడు చాలాసేపు మాటలాడలేదు. “సగము నా ఈడుదే కదా, మామయ్యా” అన్నాడు మెల్లగా. ఆ మాటకు మేము ఏమి బదులు చెప్పగలము? చెట్టును పోగొట్టుకున్నవాని మాట అది.

“నీకు కావలసినది ఏడా, వాద్యమా?” అని మాత్రము అడిగినాము.

అదే దుకాణములో గోడకు మరి నాలుగైదు బాస్ గిటారులు వ్రేలాడుతున్నవి. అన్నిటినీ ఒకటొకటిగా తీసి వాయించమన్నాము. సంవత్సరము అడగవద్దని, తల వైపు చూడవద్దని ఆంక్ష పెట్టినాము. మేము ఒక మూల కూర్చుండి కన్నులు మూసుకొని విన్నాము. మూడవది పలుకగానే మాకు తెలిసినది, అతనికీ తెలిసినది. ప్రతి మెట్టు మీదను స్వరము ఒకే నిండుతో నిలిచినది. మంద్రతంత్రి మీటితే కూర్చున్న బల్ల అదిరినది. అది జపానులో చేసిన ఐబనేజ్. 1975 మొదలు దాదాపు పదేండ్లపాటు ఆ గిటారుల సంఖ్యలు తేదీని దాచకుండా చెప్పుతాయి. మొదటి అక్షరము నెల. ఇంగ్లీషు అక్షరమాలలో మొదటిది జనవరి, పన్నెండవది డిసెంబరు. తరువాతి రెండు అంకెలు సంవత్సరము. దీని మీద ఎనిమిదవ అక్షరము, 78 అనే అంకెలు ఉన్నవి. 1978 ఆగస్టు; కాళయుక్తి నామ సంవత్సరము. లోపల విప్పి చూచినాము. ఒక పికప్ మార్చినారు. ఆ మాట వర్తకుడే ముందుగా చెప్పినాడు. వెల అరవై వేలు.

మా మేనల్లుడు దానిని భుజానికి తగిలించుకొని నిలబడినాడు. “రెండేండ్లు చిన్నది, మామయ్యా. ఈడుది కాకపోతే పోయె, తమ్ముడనుకుంటాను” అన్నాడు. బండిలో వస్తున్నంతసేపు పెట్టెను పైబల్ల మీద పెట్టనీయలేదు, ఒడిలోనే పెట్టుకున్నాడు.

ఇటువంటి కోరిక ఉన్న ఇతరులకు ఉపయోగిస్తుందని, మేము నేర్చుకున్నది క్లుప్తముగా చెప్పుతాము. ముందు చెవితో వినవలెను. తరువాత మెడను చూడవలెను. వడ్రంగి బద్దను కన్నుకు ఎదురుగా పట్టి వంకర చూచినట్లు, మెడ అంచు వెంబడి చూస్తే వంపు, మెలిక తెలుస్తాయి. స్వల్పమైన వంపును మెడ లోపలి ఉక్కు కడ్డీని త్రిప్పి సరిచేయవచ్చును. ఆ కడ్డీ ఇంకా తిరుగుతున్నదో లేదో అడిగి తెలుసుకొనవలెను. మెలికపడిన మెడను మాత్రము ఏ సంవత్సరపుదైనా వదలివేయవలెను. మెట్లు అరిగి గాళ్ళు పడినవా, ప్రతి మెట్టు మీద స్వరము పలుకుతున్నదా అని పరీక్షించవలెను. బరువు చూడవలెను. ఆ దశాబ్దములో చేసిన కొన్ని వాద్యాలు అయిదు కిలోల వరకు తూగుతాయి. యాభై ఏండ్ల భుజానికి రెండు గంటల కచేరీలో ఆ బరువు తెలిసివస్తుంది. ఇవన్నీ అయిన తరువాతనే సంవత్సరము సంగతి. అమ్మేవాడు లోపల చూపించనంటే, ఆ నిరాకరణనే ఒక సాక్ష్యముగా తీసుకొని లేచి రావడము మేలు.

కాగితము మీది పేరును చూచి మోసపోయినవారు ఈనాటివారే కాదు. పందొమ్మిదవ శతాబ్దములో జర్మనీ మొదలైన దేశాల కార్ఖానాలలో చేసిన చవుక వయొలిన్లలో వేలకొలదిగా స్ట్రాడివేరియస్ అనే చీటీ అంటించినారు. మన ఇండ్లలోను తాతగారి వయొలిన్ పెట్టెలో అటువంటి చీటీ కనబడి సంబరపడినవారు ఉన్నారు. చీటీ అబద్ధమైనంత మాత్రాన తాతగారు వాయించిన మాట అబద్ధము కాదు. ఆ వయొలిన్‌కు ఇంట్లో ఉన్న విలువ ఆ చీటీ వలన వచ్చినది కాదు.

విదేశాలలో ఉన్న మన పిల్లలచేత తెప్పించుకొనేవారికి ఒక హెచ్చరిక. 1960 ప్రాంతాల ఫెండర్ గిటారుల మెడ మీది పలక చాలా వాటిలో బ్రెజిల్ దేశపు రోజ్‌వుడ్. 1992 నుండి ఆ మ్రాను అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారము అత్యంత రక్షణ పొందిన జాబితాలో ఉన్నది. అనుమతి పత్రాలు లేక అటువంటి వాద్యాన్ని ఒక దేశమునుండి మరొక దేశమునకు పంపరాదు. తక్కిన జాతుల రోజ్‌వుడ్‌తో పూర్తిగా తయారైన వాద్యాలకు 2019లో సడలింపు ఇచ్చినారు. సుంకము సంగతి కూడ ముందుగానే విచారించుకొనవలెను.

మరి ఒక మాట. ఇది సముద్రతీరము. నౌపడా ఉప్పుమళ్ళ మీదుగా వచ్చే గాలి ఇనుమును బ్రదుకనీయదు. వాయించిన ప్రతిసారి తంత్రులను పొడిగుడ్డతో తుడవవలెను. కిటికీ ప్రక్కను, ఎండ తగిలే గోడకును తగిలించరాదు. వానకాలములో మ్రాను చెమ్మ పీల్చి మెడ కదులుతుంది. అప్పుడు కడ్డీని పావు చుట్టుకంటె ఎక్కువ ఒక్కసారిగా త్రిప్పరాదు. ఒక రోజు ఆగి, చూచి, మరల త్రిప్పవలెను. అన్నిటికంటె మంచి రక్షణ రోజూ వాయించడము.

పాల్ మెకార్ట్నీ అనే ప్రఖ్యాత గాయకుడు 1961లో హాంబర్గు నగరములో కొన్న హోఫ్నర్ బాస్ గిటారు 1972లో దొంగల పాలైనది. యాభై ఏండ్ల తరువాత అది దొరికినదని, అదియే ఇదియని నిర్ధారణ అయినదని 2024 ఫిబ్రవరిలో ప్రకటించినారు. అది ఆయన పుట్టిన ఏటిది కాదు. చిన్ననాట చేతపట్టి వాయించినందువలననే ఆయనది అయినది.

తోటలో పడిపోయిన పనస మోడు ప్రక్కన మా మేనల్లుడు మరల ఒక మొక్క నాటినాడు. అది ఇప్పుడు తలకంటె ఎత్తు పెరిగినది. సాయంకాలము కార్ఖానా నుండి వచ్చి అతడు వరండాలో కూర్చుండి తన ‘తమ్ముని’ వాయిస్తాడు. మొన్న మేము వెళ్ళినప్పుడు మా వీణను వెంట తీసుకొనిపోయినాము. మా అమ్మగారు చెప్పిన సంవత్సరము నిజమో కాదో ఇక తేల్చేవారు లేరు. తేల్చవలెనన్న పట్టుదలయు మాకు ఇప్పుడు లేదు. అతడు షడ్జము పట్టినాడు. మేము శ్రుతి కలిపినాము.